చుక్కలు పెరిగితే బొమ్మ బాగుపడుతుందా?

ఒక చిన్న పందెం వేద్దాం. ఒక సినిమా 1962లో తీసింది. ఇంకొకటి 2002లో తీసింది. రెండూ ఇప్పుడు కొత్తరకం డిస్కుల మీద, 'అతి స్పష్టమైన బొమ్మ' అనే పేరుతో దొరుకుతున్నాయి. రెంటినీ ఒకే పెద్ద టీవీలో, బాగా దగ్గరగా కూర్చుని చూశామనుకోండి. సన్నసన్నని వివరాలు దేనిలో ఎక్కువ కనిపిస్తాయి?

"అదేం ప్రశ్న? కొత్తదానిలోనే!" అంటారు మీరు. అయితే పందెం ఓడిపోయినట్టే! ఎక్కువ వివరాలు కనిపించేది 1962 నాటి సినిమాలోనే. ఏళ్ళు గడిచేకొద్దీ యంత్రాలు మెరుగవుతాయి కదా, మరి ఈ విడ్డూరం ఏమిటి? దీని గుట్టు తెలిస్తే ఇంకో పెద్ద ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

ఆ పెద్ద ప్రశ్న ఇది. సినిమాలను ఇంట్లో దాచుకునే అలవాటున్నవాళ్ళు ఒకే సినిమాను ముందు డివిడిగా కొన్నారు. తర్వాత బ్లూ-రే వస్తే అదీ కొన్నారు. ఇప్పుడు అల్ట్రా హెచ్‌డి బ్లూ-రే అని మూడోది వచ్చింది. ఇది మామూలు బ్లూ-రే ప్లేయరులో ఆడదు. కొత్త ప్లేయరు కావాలి, కొత్త టీవీ కావాలి. ఇంత ఖర్చూ పెట్టి అదే సినిమాను మూడోసారి కొనడం లాభమా, దండగా?

అమ్మేవాణ్ణి అడిగితే లాభమనే అంటాడు. అందుకని వాణ్ణి పక్కనబెట్టి, ముగ్గురు సాక్షుల్ని పిలుద్దాం. మొదటి సాక్షి డిస్కు. రెండో సాక్షి మన కన్ను. మూడో సాక్షి, ఆ సినిమా తీసిన అసలు ఫిల్ము.

మొదటి సాక్షి: డిస్కు

టీవీ తెరమీది బొమ్మంతా చుక్కల మయం. వాకిట్లో చుక్కల ముగ్గు వేసేటప్పుడు అడ్డంగా ఇన్ని, నిలువుగా ఇన్ని అని లెక్కపెట్టి చుక్కలు పెడతారు చూశారా? తెరమీద కూడా అలాగే చుక్కలు వరుసలు తీరి ఉంటాయి. వీటికి పిక్సెళ్ళని పేరు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు ఏ చుక్కలో ఏ పాళ్ళలో కలవాలో డిస్కు చెబుతుంది. ఒక్క సెకనులో 24 బొమ్మలు మారుతుంటే మనకు సినిమా కదులుతున్నట్టు కనిపిస్తుంది.

1996లో జపానులో మొదట అమ్మకానికి వచ్చిన డివిడిలో, మన దేశంలో వాడిన పద్ధతి ప్రకారం, అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. గుణించి చూడండి: మొత్తం 4,14,720. పదేళ్ళ తర్వాత, 2006లో, బ్లూ-రే వచ్చింది. ఇందులో అడ్డంగా 1920, నిలువుగా 1080. మొత్తం 20,73,600. అంటే డివిడికి 5 రెట్లు. మరో పదేళ్ళకు, 2016లో, అల్ట్రా హెచ్‌డి బ్లూ-రే వచ్చింది. అడ్డంగా 3840, నిలువుగా 2160. మొత్తం 82,94,400. బ్లూ-రేకు సరిగ్గా 4 రెట్లు. అడ్డంగా ఉన్న చుక్కలు ఇంచుమించు నాలుగు వేలు కనుక దీన్ని '4కె' అని కూడా అంటారు. 'కె' అంటే వెయ్యి అన్నమాట.

ఇక్కడో చిత్రముంది. చుక్కలు లక్షలనుంచి దాదాపు కోటిదాకా పెరిగాయి గాని, డిస్కు మాత్రం పెరగలేదు! పాటల సిడి మొదలుకొని అన్నీ 12 సెంటీమీటర్ల బిళ్ళలే. మరి ఇన్నిన్ని చుక్కల సమాచారం అందులో ఎలా పట్టింది?

ఒక కాగితం మీద లావుపాటి పాళీతో రాస్తే ఇరవై వరుసలు పడతాయనుకోండి. సన్నపాళీతో రాస్తే అదే కాగితం మీద నలభై వరుసలు పడతాయి. డిస్కు సంగతీ అంతే. దానిమీద సమాచారమంతా అతి చిన్న గుంటలుగా, చుట్టలు చుట్టుకుంటూ పోయే వరుసలో ఉంటుంది. దాన్ని చదివే పాళీ లేసరు కిరణం. కాంతి తరంగదైర్ఘ్యం ఎంత తక్కువైతే ఆ కిరణాన్ని అంత చిన్న మచ్చగా కుదించవచ్చు.

సిడిని చదివేది కంటికి కనబడని పరారుణ కిరణం. దాని తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. (మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు.) డివిడిని చదివేది 650 నానోమీటర్ల ఎర్రని కిరణం. బ్లూ-రేను చదివేది 405 నానోమీటర్ల కిరణం. పేరు 'బ్లూ' గాని, నిజానికది ఊదా రంగు! పాళీ సన్నబడేకొద్దీ వరుసల మధ్య ఎడం కూడా తగ్గింది. సిడిలో అది 1.6 మైక్రాన్లు, డివిడిలో 0.74, బ్లూ-రేలో 0.32. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీ తలవెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే, ఆ వెంట్రుక కింద బ్లూ-రే వరుసలు రెండువందలకు పైగా పడతాయి!

ఈ ఊదా కిరణం ఊరికే రాలేదు. ఎర్రకాంతి ఇచ్చే డయోడ్లు 1960లలోనే తయారయ్యాయి గాని, నీలికాంతి మాత్రం శాస్త్రజ్ఞులను ముప్పయ్యేళ్ళు ముప్పుతిప్పలు పెట్టింది. గాలియం నైట్రైడ్ అనే పదార్థాన్ని మంచి స్ఫటికంగా పెంచడం వాళ్ళకు చేతకాలేదు. చివరికి జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులు, అకాసాకి, అమానో, నకామురా, సాధించారు. నీలికాంతి డయోడుకు వాళ్ళకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. బ్లూ-రే లేసరు పుట్టింది కూడా ఆ పదార్థంనుంచే.

అల్ట్రా హెచ్‌డి డిస్కుకూ ఇదే ఊదా కిరణం. అయితే ఇందులో గుంటల పొరలు ఒకదానిమీద ఒకటి మూడుదాకా ఉండవచ్చు. అలా 100 గిగాబైట్లు పడతాయి. అదైనా చాలదు! రెండు గంటల 4కె సినిమాలో ప్రతి చుక్కనూ ఏమీ విడవకుండా రాయాలంటే సుమారు 5,000 గిగాబైట్లు కావాలి. అందుకని ఒక ఉపాయం చేస్తారు. బొమ్మలో మారని భాగాన్ని మళ్ళీ మళ్ళీ రాయరు. కథానాయకుడు మాట్లాడుతుంటే వెనక గోడ కదలదు కదా! గోడను ఒక్కసారి రాసి, తర్వాత "గోడ ముందటిలాగే" అని చెబితే సరిపోతుంది.

ఇంటర్నెట్టు ద్వారా వచ్చే 4కె సినిమాలూ ఈ ఉపాయం మీదే నడుస్తాయి. కాని అక్కడ గొట్టం సన్నం. డిస్కునుంచి సెకనుకు 128 మెగాబిట్లదాకా సమాచారం రాగలిగితే, ఇంటర్నెట్టు సినిమాకు సాధారణంగా వచ్చేది 15 నుంచి 25 మెగాబిట్లు. గోడ దృశ్యమైతే తేడా తెలియదు. కుండపోత వాన, పొగ, సముద్రపు అలలు వస్తే ప్రతి చుక్కా ప్రతి క్షణం మారుతుంది. అప్పుడు సన్నగొట్టం చాలక వివరాలు అలుక్కుపోతాయి. రెంటికీ పేరు '4కె' అయినా బొమ్మ ఒకటి కాదన్నమాట.

మొదటి సాక్షి సాక్ష్యం స్పష్టం: "నాలో చుక్కలు నాలుగు రెట్లున్నాయి, నిజమే." సరే, అవి కనిపించాలిగా?

రెండో సాక్షి: కన్ను

మన కన్నుకు ఒక హద్దుంది. రెండు గీతలు మరీ దగ్గరగా ఉంటే, కొంతదూరం పోయాక అవి కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. ఆ హద్దును కోణంలో చెబుతారు. వృత్తంలో 360 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీలో 60 నిమిషాలు. (ఈ నిమిషాలు గడియారంవి కావు, కోణానివి.) కళ్ళ డాక్టరు "చూపు 6/6, బాగుంది" అన్నాడంటే, మీ కన్ను సుమారు ఒక నిమిషం కోణమున్న వివరాన్ని పట్టగలదన్నమాట. ఒక నిమిషం కోణమంటే ఎంత? 25 మిల్లీమీటర్ల వెడల్పున్న నాణెం 86 మీటర్ల దూరంలో ఉంటే ఎంత కనిపిస్తుందో అంత!

నమ్మకం లేకపోతే మీరే చేసి చూడండి. తెల్లకాగితం మీద స్కేలు పెట్టి, నల్లసిరాతో 1 మిల్లీమీటరు మందంగా పది గీతలు గీయండి. గీతకూ గీతకూ మధ్య సరిగ్గా 1 మిల్లీమీటరు తెల్లగా వదలండి. కాగితాన్ని మంచి వెలుతురున్న గోడకు అంటించి, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. సుమారు మూడున్నర మీటర్లు, అంటే పదకొండడుగులు దాటాక గీతలు కలిసిపోవడం మొదలెడతాయి. ఇంకొంచెం వెనక్కి పోతే బూడిదరంగు పట్టీ ఒక్కటే మిగులుతుంది. చురుకైన చూపున్న పిల్లలు మరో మీటరు వెనక్కి పోయాక కూడా గీతలను విడదీసి చూడగలరు. మీ నాన్నగారు ఇంకా ముందే "అయిపోయింది" అనవచ్చు. అందరిచేతా చేయించి దూరాలు రాసి పెట్టుకోండి.

ఈ ప్రయోగంలోనుంచే ఒక సూత్రం వస్తుంది. గీత వెడల్పును సుమారు 3,400తో గుణిస్తే, అది కలిసిపోయే దూరం తెలుస్తుంది. 1 మిల్లీమీటరు గీత 3,400 మిల్లీమీటర్ల దగ్గర, అంటే 3.4 మీటర్ల దగ్గర కలిసిపోతుంది. టీవీ చుక్కలకూ ఇదే సూత్రం పెట్టి చూద్దాం.

55 అంగుళాల టీవీ తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. (టీవీ కొలత మూలనుంచి మూలకు కొలిచేది కనుక, అసలు వెడల్పు అంతకంటే తక్కువ.) ఈ తెరమీద:

డివిడి చుక్క వెడల్పు 1.7 మిల్లీమీటర్లు. కలిసిపోయే దూరం 5.8 మీటర్లు, అంటే 19 అడుగులు.

బ్లూ-రే చుక్క వెడల్పు 0.63 మిల్లీమీటర్లు. కలిసిపోయే దూరం సుమారు 2.2 మీటర్లు, అంటే 7 అడుగులు.

అల్ట్రా హెచ్‌డి చుక్క వెడల్పు 0.32 మిల్లీమీటర్లు. కలిసిపోయే దూరం 1.1 మీటర్లు, అంటే మూడున్నర అడుగులు.

ఇప్పుడు ఇంట్లో టీవీకి పదడుగుల దూరంలో కుర్చీ వేసుకున్నారనుకోండి. డివిడి చుక్కలు 19 అడుగులదాకా విడివిడిగా తెలుస్తాయి కనుక డివిడి బొమ్మ మసకగా కనిపిస్తుంది. దాని బదులు బ్లూ-రే పెడితే తేడా అందరికీ తెలుస్తుంది. కాని బ్లూ-రే చుక్కలు ఏడడుగుల దగ్గరే కలిసిపోయాయి! పదడుగుల దగ్గర కూర్చున్నవాడికి ఆ చుక్కనే విడదీయడం చేతకానప్పుడు, దాన్ని నాలుగు ముక్కలు చేసి చూపిస్తే ఏం లాభం? 43 అంగుళాల టీవీకైతే బ్లూ-రే చుక్కలు ఐదున్నర అడుగుల దగ్గరే కలిసిపోతాయి.

అలాగని అందరికీ దండగ అనుకోకండి. ప్రొజెక్టరుతో గోడమీద 100 అంగుళాల బొమ్మ వేసుకుంటే బ్లూ-రే చుక్కలు కలిసిపోయేది 13 అడుగుల దగ్గర. అక్కడ తొమ్మిది, పదడుగుల దూరంలో కూర్చున్నవాడికి అల్ట్రా హెచ్‌డి తేడా తెలుస్తుంది.

కాబట్టి రెండో సాక్షి చెప్పేదేమంటే: "తెర పెద్దదవ్వాలి, లేదా నేను దగ్గరగా జరగాలి. లేకపోతే ఆ చుక్కలు నాకు కనబడవు."

మూడో సాక్షి: ఫిల్ము

ఇప్పుడు మన పందెం దగ్గరికి వద్దాం. 1962 నాటి ఆ సినిమా పేరు 'లారెన్స్ ఆఫ్ అరేబియా'. డేవిడ్ లీన్ దర్శకుడు. అందులో పేరుపొందిన దృశ్యమొకటి జోర్డాను ఎడారిలో తీశారు. కనుచూపు మేరా ఇసుక. దూరాన ఎండమావి నీళ్ళలా మెరుస్తుంటుంది. అందులో ఒక నల్లని చుక్క కనిపిస్తుంది. అది మెల్లగా పెరిగి, వణుకుతూ, సాగుతూ, చివరికి ఒంటెనెక్కి వస్తున్న మనిషి అవుతుంది. వచ్చేది మిత్రుడో శత్రువో తెలియదు. దృశ్యంలోని ఉత్కంఠంతా ఆ చుక్కలోనే ఉంది. నాలుగు లక్షల చుక్కలతో గీసిన బొమ్మలో అంత చిన్న వివరం ఎక్కడ నిలుస్తుంది చెప్పండి!

ఈ సినిమా తీసింది 65 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్ము మీద. మామూలు సినిమాలకు వాడేది 35 మిల్లీమీటర్ల ఫిల్ము. 65 మిల్లీమీటర్ల ఫిల్ముమీద ఒక్కొక్క బొమ్మకు సుమారు మూడు రెట్లు ఎక్కువ చోటు దొరుకుతుంది. ఫిల్ముమీద వరుసలు తీరిన చుక్కలుండవు. వెండి లవణాల స్ఫటికాలు ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. వెలుగు తగిలిన స్ఫటికాలే, రసాయనాలతో కడిగాక, బొమ్మగా తేలతాయి. ఈ రేణువులు అతి సూక్ష్మం కనుక మంచి 35 మిల్లీమీటర్ల నెగటివులోనే 4కె పట్టేంత వివరం ఉండవచ్చు. 65 మిల్లీమీటర్ల దానిలో ఇంకా ఎక్కువ. అందుకే 2012లో ఈ సినిమాకు 50 ఏళ్ళు నిండినప్పుడు నెగటివును 8కె స్పష్టతతో, అంటే అడ్డంగా ఎనిమిది వేల చుక్కలతో, స్కాను చేసి, గీతలూ చీలికలూ సరిచేసి, 4కె రూపంలోకి తెచ్చారు. 2020లో అది అల్ట్రా హెచ్‌డి డిస్కుగా వచ్చింది.

2002 నాటి రెండో సినిమా, 'స్టార్ వార్స్' వరుసలోని 'అటాక్ ఆఫ్ ది క్లోన్స్'. ఫిల్ము అసలు వాడకుండా డిజిటల్ కెమేరాతోనే మొత్తం తీసిన మొదటి పెద్ద సినిమాలలో ఇదొకటి. ఆ రోజులకు అది గొప్ప సాహసం. కాని ఆ కెమేరా పట్టేది 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు మాత్రమే. అంటే సరిగ్గా బ్లూ-రే అంత! ఇదీ 2020లో అల్ట్రా హెచ్‌డి డిస్కుగా వచ్చింది. మరి మిగతా 62 లక్షల చుక్కలు ఎక్కడినుంచి వచ్చినట్టు?

యంత్రం పుట్టించినవే. పక్కపక్కనున్న రెండు చుక్కలలో ఒకదాని వెలుగు 10, రెండోదానిది 20 అనుకోండి. వాటి మధ్య కొత్త చుక్క పెట్టాలంటే యంత్రం 15 వేస్తుంది. బొమ్మ నునుపుగా సాగుతుంది గాని, అందులో కొత్త సంగతంటూ ఏదీ చేరదు. ఏడు చుక్కల ముగ్గులో మధ్యమధ్య ఊరికే చుక్కలు పెడితే కొత్త పువ్వులు విచ్చుకోవు కదా!

ఈ చిక్కు ఆ ఒక్క సినిమాదే కాదు. 2000 తర్వాత చాలా ఏళ్ళపాటు ఎన్నో సినిమాలను ఫిల్ముమీద తీసినా, కంప్యూటరులో రంగులు సరిచేసి, మాయాదృశ్యాలు కలిపే పనంతా 2కెలో, అంటే అడ్డంగా రెండువేల పైచిలుకు చుక్కలతోనే ముగించారు. అంతకంటే పెద్దదైతే ఆనాటి కంప్యూటర్లు మోయలేకపోయేవి. అలా తాతలనాటి సినిమాలో ఉన్న వివరం మనవల కాలపు సినిమాలో లేకుండాపోయింది.

ఇటీవల కంప్యూటర్లకు లక్షల బొమ్మలు చూపించి, "జుట్టు ఇలా ఉంటుంది, చర్మం ఇలా ఉంటుంది" అని నేర్పి, లేని వివరాన్ని ఊహించి గీయమంటున్నారు. ఫలితం ఒక్కోసారి బాగానే ఉంటుంది. ఒక్కోసారి బెడిసికొడుతుంది. జేమ్స్ కామెరాన్ తీసిన 'ఏలియన్స్' (1986), 'ట్రూ లైస్' (1994) చిత్రాలను కంప్యూటరు చేత ఇలా మెరుగుపెట్టించి 2024లో డిస్కులుగా తెచ్చినప్పుడు, ముఖాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయని ఎందరో ఆక్షేపించారు. ఫిల్ముమీది సన్నని ఇసుకలాంటి రేణువులను మురికి అనుకుని తుడిచేస్తే ఇలాగే జరుగుతుంది. ఆ రేణువులతోనే కదా బొమ్మ తయారైంది! వాటిని తుడిస్తే బొమ్మ కూడా కొంత తుడుచుకుపోతుంది.

మన 'మాయాబజార్' (1957) సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. నలుపు తెలుపుల్లో తీసిన ఆ సినిమాకు హైదరాబాదులోని ఒక సంస్థ కంప్యూటరుతో రంగులు వేసి 2010లో విడుదల చేసింది. జనం సరదాపడి చూశారు. అయితే ఆ రంగులు నెగటివులో ఉన్నవి కావు, ఈ కాలంవాళ్ళు ఎంచి వేసినవి. లేనిదాన్ని చేర్చడం వేరు, ఉండి కూడా ఇన్నాళ్ళూ మనకు కనబడనిదాన్ని బయటికి తీయడం వేరు. మంచి అల్ట్రా హెచ్‌డి డిస్కు చేసేది రెండో పని.

మూడో సాక్షి మాట ఇది: "నాలో ఉన్నంతే మీకు దొరుకుతుంది. బావిలో లేని నీళ్ళు చేదలోకి రావు."

పిలవని సాక్షి: వెలుగు

మనం ముగ్గురినే పిలిచాం గాని, నాలుగో సాక్షి తనంతట తానే వచ్చి నిలబడింది. అల్ట్రా హెచ్‌డి డిస్కు పేరులో చుక్కల గొప్పే ఉంది. కాని దానిలో పేరుకెక్కని గొప్ప ఇంకొకటుంది. అది వెలుగు.

చీకటి గదిలో లాంతరు పట్టుకున్న ముసలమ్మను ఊహించండి. నిజంగా చూస్తే లాంతరు మంట ఆమె తెల్లచీర కంటే ఎన్నో రెట్లు వెలుగుతుంటుంది. పాత పద్ధతి టీవీ బొమ్మలో మాత్రం మంటా తెలుపే, చీరా తెలుపే! ఎందుకంటే డివిడి, మామూలు బ్లూ-రేలలో బొమ్మను సిద్ధం చేసేటప్పుడు అన్నిటికంటే తెల్లని భాగపు వెలుగును చదరపు మీటరుకు 100 కాండెలాలుగా లెక్కేస్తారు. (కాండెలా అంటే రమారమి ఒక కొవ్వొత్తి వెలుగు.) అల్ట్రా హెచ్‌డి డిస్కుల బొమ్మలను చాలావరకు 1,000 కాండెలాల దాకా వెలుగు ఉండేటట్టు సిద్ధం చేస్తారు. అందువల్ల చీర చీరలాగే తెల్లగా ఉంటుంది, మంట మంటలాగే భగ్గుమంటుంది. ఈ ఏర్పాటునే 'హెచ్‌డిఆర్' అంటారు.

రంగుల మెట్లు కూడా పెరిగాయి. పాత డిస్కుల్లో ఒక్కొక్క రంగుకు చీకటినుంచి వెలుగుదాకా 256 మెట్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిస్తే 1 కోటి 67 లక్షల ఛాయలు. కొత్త డిస్కులో ఒక్కొక్క రంగుకు 1,024 మెట్లు. మూడూ కలిస్తే 107 కోట్ల ఛాయలు! సాయంకాలపు ఆకాశం పాతవాటిలో పట్టీలు పట్టీలుగా విడిపోయి కనిపించడం మీరు చూసే ఉంటారు. మెట్లు చిన్నవైతే ఆకాశం నునుపుగా దిగుతుంది.

ఇందులో అసలు విశేషం గమనించారా? చుక్కలు చిన్నవైన సంగతి తెలియాలంటే దగ్గరగా జరగాలి. వెలుగూ రంగూ మారిన సంగతి తెలియడానికి జరగనక్కరలేదు! పదడుగుల దగ్గరున్నా, పదిహేనడుగుల దగ్గరున్నా మంట మంటే. అంచేత చాలా ఇళ్ళలో అల్ట్రా హెచ్‌డి బాగుందని జనం మెచ్చుకునేది చుక్కలను చూసి కాదు, వెలుగును చూసి. 2002 నాటి సినిమాకు కూడా ఈ మేరకు కొంత లాభం దక్కింది. ఫిల్ము నెగటివులోనూ పాత టీవీలు చూపలేనంత వెలుగునీడల తేడా దాగి ఉంటుంది కనుక, పాత సినిమాలకు మరీ లాభం.

కాకపోతే టీవీకి ఆ శక్తి ఉండాలి. చవకరకం టీవీల పెట్టెమీద 'హెచ్‌డిఆర్' అని రాసున్నా, వాటి తెర మూడువందల కాండెలాలు దాటకపోవచ్చు. వెయ్యి కాండెలాల మంటను అందులో వేస్తే, చెంబులో బిందెడు నీళ్ళు పోసినట్టే!

కాలిన ఫిల్ము కథ

ఇంతవరకూ మనం కొనేవాడి లాభనష్టాలే చూశాం. కాని ఈ వ్యవహారంలో అంతకంటే పెద్దది ఒకటుంది.

సత్యజిత్ రాయ్ 1955లో తీసిన 'పథేర్ పాంచాలి' పేరు వినే ఉంటారు. పేదింటి పిల్లలు అపూ, దుర్గల కథ. దాని తర్వాత 'అపరాజితో', 'అపుర్ సంసార్' తీశారు. 1993లో లండనులోని ఒక ఫిల్ము ల్యాబరేటరీలో మంటలు లేచాయి. ఈ మూడు సినిమాల అసలు నెగటివులు అప్పుడు అక్కడే ఉన్నాయి. అవి కాలి, కరిగి, ముద్దలయ్యాయి. ఎందుకూ పనికిరావని అందరూ అనుకున్నారు. అయినా అమెరికాలోని అకాడమీ ఫిల్ము భాండాగారం వాటిని పారెయ్యకుండా దాచింది.

ఇరవయ్యేళ్ళు గడిచాయి. ఇటలీలోని బొలోన్యా నగరంలో పాత ఫిల్ములను బాగుచేసే నిపుణులు ఆ కాలిన చుట్టలను విప్పారు. ఎండి పెళుసెక్కిన ఫిల్ముకు తేమ పట్టించి మెత్తబరిచారు. కాలిన అంచులు కోసి కొత్త అంచులు అతికారు. కరిగిన జిగురును గోకి తీశారు. అంతా చేతిపనే, సుమారు వెయ్యి గంటలు పట్టింది! చివరికి 'పథేర్ పాంచాలి' నెగటివులో 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా దక్కాయి. 'అపుర్ సంసార్' నెగటివు మాత్రం మరీ కాలిపోయి పనికిరాలేదు. దక్కనిచోట వేరే దేశాల్లో భద్రంగా ఉన్న మంచి నకళ్ళు వాడారు. అన్నిటినీ 4కెలో స్కాను చేశారు. 2015లో ఈ మూడు సినిమాలూ మళ్ళీ తెరమీదికి వచ్చాయి. 2024లో అల్ట్రా హెచ్‌డి డిస్కులుగా కూడా వచ్చాయి.

ఆ భాండాగారం కాలిన ముద్దలను చెత్తబుట్టలో వేసి ఉంటే? నకలుకు నకలే మిగిలేది. కార్బను కాగితం పెట్టి ఐదు కాపీలు రాస్తే అడుగుదానిలో అక్షరాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఫిల్ము కూడా అంతే. ఒక్కొక్క నకలుకూ కొంత వివరం రాలిపోతుంది. పోయిన వివరాన్ని ఏ డిస్కూ తిరిగి తేలేదు. 1931లో వచ్చిన మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా'కు ఇవాళ ఒక్క ప్రతి కూడా లేదు. దానికి ఎన్ని చుక్కల డిస్కు కనిపెట్టినా ఏం ప్రయోజనం?

అంచేత, ఒక పాత సినిమా 4కె డిస్కుగా రావడంలో అందరికీ దక్కే లాభం ఒకటుంది. దాన్ని తయారుచెయ్యాలంటే ఎవరో ఒకరు మూలనపడిన నెగటివును వెతకాలి, కడగాలి, బాగుచెయ్యాలి, స్కాను చెయ్యాలి. డిస్కు కొన్నా కొనకపోయినా, ఆ పని జరిగిన సినిమా కొన్నాళ్ళు ఎక్కువ బతుకుతుంది.

ఇక తీర్పు

సాక్షులందరూ చెప్పింది విన్నాం. డివిడినుంచి పైకి రావడం దాదాపు అందరికీ లాభమే. బ్లూ-రేనుంచి అల్ట్రా హెచ్‌డికి పోవడం మాత్రం కొందరికే, కొన్ని సినిమాలకే లాభం. ఏ సినిమాకని తెలుసుకోవాలంటే మూడు ప్రశ్నలు చాలు. దాన్ని దేనిమీద తీశారు, ఎంత స్పష్టతతో ముగించారు? కొత్త డిస్కు కోసం అసలు నెగటివును మళ్ళీ స్కాను చేశారా, లేక ఉన్నదాన్నే సాగదీశారా? మన టీవీ ఆ వెలుగును నిజంగా చూపగలదా? మంచి ఫిల్ముమీద తీసి, నెగటివునుంచి కొత్తగా స్కాను చేసినదైతే, అమ్మేవాడి మాట నిజం. సాగదీసినదైతే మీ దగ్గరున్న బ్లూ-రేయే చాలు.

నాలుగో ప్రశ్న కూడా ఒకటుంది గాని, దానికి జవాబు ఎవరినీ అడగక్కరలేదు. ఇంట్లో ఎవరైనా "4కె కొందామా?" అంటే, ముందు కొలతటేపు తీసుకుని కుర్చీనుంచి టీవీదాకా దూరం కొలవండి. తర్వాత తెర వెడల్పును 1920తో భాగించి, 3,400తో గుణించండి. వచ్చిన సంఖ్య కుర్చీ దూరం కంటే తక్కువైతే, చుక్కల కోసం డబ్బు పెట్టనక్కరలేదు. ఒక్కోసారి కుర్చీని నాలుగడుగులు ముందుకు జరిపితేనే బొమ్మ బాగుపడుతుంది. దానికి పైసా ఖర్చు లేదు!